ఫోనులో మిగిలిన కేక

మేడమీద పడమటి గది,
ఆదివారం

మరదలికి,

ఇక్కడ మీ అన్నయ్య మోకాలు తప్ప అందరం బాగున్నాం. ఆ మోకాలు కూడా బాగానే ఉందనీ, కూరగాయల సంచి కనబడినప్పుడే దానికి నొప్పి పుడుతోందనీ నా అనుమానం.

నువ్వు నాకు అంటగట్టిన క్లాసు సాగుతోంది. ఇన్నేళ్లూ సుద్దముక్కతో ఇంగ్లీషు చెప్పినదాన్ని, ఇప్పుడు ఒంటరిగా కూర్చుని ఫోనుకు పాఠం చెబుతున్నాను. మనవరాలు గ్రూపు కట్టి చేతిలో పెట్టింది. పద్ధతి మాత్రం నాదే. పొద్దున్నే ఒక వాక్యం నా గొంతుతో రికార్డు చేసి పంపుతాను. నువ్వు స్టోరు చూసుకునే ఆ హోటలు లాండ్రీలో ఆడవాళ్లు ఎవరికి వీలు చిక్కినప్పుడు వాళ్లు విని, అదే వాక్యం తమ గొంతుతో పలికి పంపుతారు. సాయంత్రం నేను తీరిగ్గా విని, ఎవరిది ఎలా ఉందో గ్రూపులోనే అందరికీ వినబడేలా చెబుతాను. ఒకరి తప్పుతో పదిమందికి పాఠం. క్లాసులోనూ ఇలాగే చేసేదాన్నిగా.

టవళ్లు మడతపెట్టే అక్కాచెల్లెళ్లిద్దరూ చురుకైనవాళ్లే. కాకపోతే అక్క పలికిందాన్నే చెల్లెలు తన పేరుతో పంపుతోందని నా నమ్మకం. చిరుగులు కుట్టే ఆవిడ ప్రతి వాక్యానికీ ముందు ఓ నిట్టూర్పు చేరుస్తుంది. పాఠంలో అది లేదమ్మా అని రెండుసార్లు చెప్పాను. ఇక దుప్పట్లు ఇస్త్రీ యంత్రంలోకి పెట్టే ఆ నలభయ్యేళ్ల మనిషి, నువ్వు దుప్పట్లమ్మాయి అంటావే, ఆవిడకు మాట స్పష్టం, జ్ఞాపకం గట్టిది. కానీ ఏం గొంతమ్మా అది. "గుడ్ మార్నింగ్ సర్, మే ఐ హెల్ప్ యూ" అని పంపితే, మీ అన్నయ్య పక్కగదిలోంచి చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చారు. గ్రూపులో అన్నాను: "ఈవిడ కౌంటరులో నిలబడి గుడ్ మార్నింగ్ చెబితే, వచ్చిన అతిథి ఫైరింజన్ వచ్చిందనుకుని సామాను వదిలేసి బయటికి పరిగెడతాడు." అందరూ నవ్వే బొమ్మలు పంపారు. ఆవిడా ఒకటి పంపింది. సరదా మనిషే.

నీకు మాత్రం కాగితం మీదే రాస్తాను. ఫోనులో ఏం పంపినా స్పీకరు పెట్టి ఊరంతటికీ వినిపించే అలవాటు నీది.

మూడు నెలల్లో లాండ్రీ మూసేస్తారన్నావు. నెగ్గినవాళ్లకు కౌంటరు ఉద్యోగమన్న ఆ పరీక్ష సంగతి వివరంగా రాయి. దేనికి తయారు చేస్తున్నానో తెలియకుండా తయారు చేయడం నాకు చేతకాదు.

మీ వదిన

*

లాండ్రీ పక్క స్టోరు గది,
గురువారం

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం ఇక్కడ టవళ్ల దొంతర మీద కూర్చుని చదువుకున్నాను. అన్నయ్య మోకాలి గురించి మీరు రాసింది ఆయనకు చూపించకండి.

మీ క్లాసు లేకపోతే మావాళ్లకు పొద్దుపోవడం లేదు. సాయంత్రం మీరు ఎవర్ని ఏమంటారా అని అందరూ చెవులు కోసుకుంటున్నారు. ఫైరింజన్ మాటకైతే భోజనాల గదిలో కడుపులు పట్టుకుని నవ్వారు. మా వదిన నోరంటే ఏమిటనుకున్నారు అని నేనూ కాస్త ఎగిరాను.

పరీక్ష సంగతి. మనిషి ఎవరూ ఉండరట. ఒక గదిలో కూర్చోబెట్టి ముందు ఫోను పెడతారు. అదే ఇంగ్లీషులో ప్రశ్న అడుగుతుంది, కాసేపు ఆగుతుంది, మనం చెప్పింది రికార్డు చేసుకుని తర్వాతి ప్రశ్నకు పోతుంది. మనం నోరు తెరిచినా తెరవకపోయినా అది ఆగదు. చివర్లో మార్కులు అదే వేస్తుంది. నెగ్గినవాళ్లు పైన కౌంటరుకు. మిగిలినవాళ్లను బయటి కంట్రాక్టరు తీసుకుంటానన్నాడు గానీ ముప్పై దాటినవాళ్లు వద్దని మెలికపెట్టాడు. అక్కాచెల్లెళ్లకు ఆ దారి ఉంది. చిరుగులావిడ కొడుకు దగ్గరికి పోతానంటోంది. దుప్పట్లమ్మాయికి మాత్రం ఈ పరీక్షే దిక్కు. ఇంట్లో మంచాన పడ్డ తల్లి, ఈవిడ జీతం. అంతే.

ఆవిడ మీద కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టండి వదినా. మీరు పెడతారని తెలుసనుకోండి.

మీ మరదలు

*

మేడమీద పడమటి గది,
శనివారం

మరదలికి,

నువ్వు శ్రద్ధ పెట్టమన్న మనిషి వారం పైగా పత్తా లేదు. పాఠం వింటోంది. విన్నట్టు ఫోనులో టిక్కు పడుతోంది. గొంతు మాత్రం పంపడం లేదు. అడిగితే "పంపుతానమ్మా" అని టైపు చేస్తుంది. ఇంగ్లీషు మాట్లాడే పరీక్షకు టైపు చేసి తయారయ్యే విద్యార్థిని నా సర్వీసులో చూడలేదు.

అలిగిందా? ఆ ఫైరింజన్ మాటకే అయితే మరీ సున్నితం. నా క్లాసులో ఇంతకు పదింతలు పడ్డవాళ్లున్నారు. ఈనాటికీ బజారులో కనబడితే, "టీచర్, మీరు నన్ను ఎండు చిక్కుడుకాయ అన్నారు, గుర్తుందా" అని మురిసిపోతూ చెబుతారు. తిట్టు తిన్నవాళ్లే గుర్తుపెట్టుకుని పలకరిస్తారు. మెచ్చుకున్నవాళ్లు మొహం చాటేస్తారు.

నువ్వు అక్కడే ఉన్నావుగా, ఒకసారి కనుక్కో. పరీక్ష దగ్గరపడుతోంది. ఆవిడ వాక్యం కట్టే తీరు నాకు నచ్చింది. చేజేతులా పాడు చేసుకుంటుంటే చూడలేను.

మీ వదిన

*

స్టోరు గది,
బుధవారం

వదినగారికి నమస్కారాలు.

పనితో ఊపిరాడటం లేదు, అందుకే పొడిపొడిగా రాస్తున్నాను. దుప్పట్లమ్మాయికి జలుబు చేసింది. గొంతు పట్టేసింది. తగ్గాక పంపుతుంది. మీరు మనసులో పెట్టుకోకండి.

అక్కాచెల్లెళ్లు బాగా పలుకుతున్నారని విన్నాను. సంతోషం. అన్నయ్యను అడిగానని చెప్పండి.

మీ మరదలు

*

మేడమీద పడమటి గది,
సోమవారం

మరదలికి,

జలుబు అన్నావు. నీ చిన్నప్పుడు మీ అన్నయ్య వాచీ పగలగొట్టి, అది నిద్రపోతోందని చెప్పిన పిల్లవి నువ్వు. అబద్ధం ఆడటంలో నీకు అప్పటికీ ఇప్పటికీ ఎదుగుదల లేదు.

నిన్న మీ లాండ్రీ గోడకున్న ఫోనుకు చేశాను. నంబరు పాత డైరీలో ఉంది. ఎవరో కుర్రగొంతు ఎత్తింది. దుప్పట్లమ్మాయి కావాలన్నాను. "ఎవరూ, ఫైరింజనా?" అంది ఆ గొంతు, చాలా మామూలుగా. తర్వాత రిసీవరు పక్కకు తిప్పి అరిచింది: "ఓ ఫైరింజన్, నీకే ఫోను." వెనక ఇంకెవరో గంట కొట్టినట్టు నోటితో చప్పుడు చేశారు. నవ్వులు.

ఆ నవ్వుల వెనకాల ఇంకో చప్పుడు వినబడింది. యంత్రాలు. రైలు బండి ఇంట్లోకి వచ్చి ఆగకుండా పోతున్నట్టు. నా చెవి దగ్గర నేను మాట్లాడింది నాకే వినబడలేదు. ఆవిడ వచ్చి రిసీవరు తీసుకుని "చెప్పండమ్మా" అంది, అదే కేకతో. అప్పుడది నాకు కేకలా అనిపించలేదు. ఆ హాలులో మనిషి మాట్లాడే మామూలు గొంతు అది. నేను ఏదో నసిగి పెట్టేశాను. నేను నసగడం నువ్వెప్పుడైనా విన్నావా?

ఫోను పెట్టేసి మనవరాల్ని పిలిచాను. ఆవిడ పంపిన మొదటి రికార్డింగు మళ్లీ పెట్టించుకుని విన్నాను. యంత్రాల రొద రవ్వంత కూడా లేదు. నిశ్శబ్దంలో ఒక్క కేక. "ఇదేమిటే, అక్కడ అంత మోత ఉంటే ఇందులో లేదేం?" అన్నాను. "అమ్మమ్మా, కొత్త ఫోన్లు మాట స్పష్టంగా ఉండాలని చుట్టుపక్కల రొద అంతా తీసేస్తాయి" అంది, మంచినీళ్లు తాగినంత తేలిగ్గా. ఆవిడకు పాఠం చెప్పుకోవడానికి ఆ యంత్రం పక్కన తప్ప ఇంకెక్కడా తీరిక లేదు. రొదను మించి వినబడాలని గొంతు చించుకుంది. ఫోను రొదను తుడిచేసి కేకను నాకు అందించింది. నేను దానికి పేరు పెట్టాను.

ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పు. గ్రూపులో ఉన్నది పదిమంది. ఆ కుర్రగొంతు మన గ్రూపులో లేదు. నా మాట అక్కడికి ఎలా చేరింది?

మీ వదిన

*

స్టోరు గది,
శుక్రవారం

వదినా,

నేనే.

ఆ రోజు భోజనాల గదిలో చిరుగులావిడ ఫోను తీసుకుని స్పీకరు పెట్టి వినిపించాను. ముందు ఆవిడ గుడ్ మార్నింగ్, తర్వాత మీ మాట. మా వదిన ఎంత చమత్కారంగా మాట్లాడుతుందో వినండని గొప్పకు పోయాను. కౌంటరు మేనేజరు టీ కోసం అప్పుడే వచ్చాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, నాకూ పంపండి మేడమ్ అన్నాడు. ఎప్పుడూ మా వంక చూడని మనిషి మేడమ్ అనేసరికి పంపేశాను. సాయంత్రానికి లిఫ్టు నడిపేవాడి దగ్గరా ఉంది, వంటింట్లోనూ ఉంది. మర్నాడు ఆవిడ లిఫ్టు ఎక్కితే లోపలున్నవాళ్లు చెవులు మూసుకున్నారు.

ఇప్పుడు ఆవిడ భోజనం ఇక్కడ, ఈ స్టోరు గదిలో, నేను లేని వేళ చూసి తింటోంది. ఆ గోడ ఫోనులో తప్ప, యంత్రం పక్కన కూడా గొంతు తగ్గించి మాట్లాడుతోంది. ఎవరికీ వినబడదు. ఏమన్నావు అని అడిగితే మళ్లీ చెప్పదు. ఫోను నోటి దగ్గర పెట్టుకోవడం మానేసింది. ఎందుకు పంపడం లేదని నేను అడిగిన రోజు, "పలికితే అది ఎక్కడికి పోతుందో తెలియదు కదండీ" అంది. నన్ను నేరుగా ఏమీ అనలేదు. అంటే బావుండేది.

మీకు ముందే రాయాల్సింది. రెండుసార్లు మొదలుపెట్టి జలుబు దగ్గర ఆగిపోయాను. పరీక్ష ఇంకో పన్నెండు రోజుల్లో.

మీ మరదలు

*

మేడమీద పడమటి గది,
మంగళవారం

మరదలికి,

నిన్ను తిట్టడానికి కూర్చుని కాగితం చాలాసేపు ఖాళీగా ఉంచాను. నువ్వు వినిపించావు. అన్నది నేను. వినిపించదగ్గదిగా, గుర్తుండిపోయేలా, నవ్వు ఎక్కడ రావాలో అక్కడ ఆగి మరీ అన్నాను. అది నా విద్య.

క్లాసులో అన్న మాట గంట కొట్టగానే చెల్లిపోయేది. మర్నాటికి ఇంకొకరి వంతు. ఆ పిల్లకు బాధ కలిగినా నా మొహం ఎదురుగా ఉండేది, నేను నవ్వుతున్నానని తెలిసేది. ఇక్కడ ఆవిడకు నా మొహం తెలియదు. గొంతొక్కటే వచ్చింది. అది ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు అదే వెటకారంతో పలుకుతుంది. ఈ తేడా నాకు తట్టలేదు. కొత్త పరికరంలో పాత నోరు పెట్టుకుని కూర్చున్నాను.

నిన్న గ్రూపులో క్షమాపణ చెప్పాను. చెప్పి పంపాక విన్నాను. ఏమన్నానో తెలుసా? "మంటలు రేపింది ఈ ముసలమ్మ నోరైతే, ఫైరింజన్ అని మిమ్మల్ని అనడం ఏం న్యాయం" అన్నాను. అక్కాచెల్లెళ్లు వెంటనే నవ్వే బొమ్మలు పంపారు. చిరుగులావిడ చప్పట్లు పంపింది. దుప్పట్లమ్మాయి విన్నట్టు ఫోనులో టిక్కు పడింది, అంతే. క్షమాపణ చెబుతూ కూడా చప్పట్ల కోసం చూసుకున్నానమ్మా నేను. పైగా ఆ పేరు ఇంకోసారి పలికి మరీ. మనవరాలి చేత అది తీయించేశాను. తీసేసినా, అక్కడ ఏదో ఉండేది తీసేశారు అని ఫోను రాసిపెట్టింది. అదీ బాగానే ఉంది.

మీ అన్నయ్య అంతా విని, "ఒక్కసారి నవ్వించకుండా మాట్లాడి చూడరాదూ" అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నాకు ఇచ్చిన మొదటి సలహా.

శుక్రవారం బస్సుకు వస్తున్నాను. స్టేషనుకు రావద్దు. మీ ఇంటికి తర్వాత వస్తాను, ముందు లాండ్రీకి.

మీ వదిన

*

మేడమీద పడమటి గది,
ఆదివారం

మరదలికి,

ఇల్లు చేరాను. బస్సులో నడుం పట్టేసింది. మీ అన్నయ్య తన మోకాలికి తోడు దొరికిందని సంతోషంగా ఉన్నారు.

అక్కడ ఏమైందని నువ్వు అడిగితే తలనొప్పి అన్నాను. జలుబు అబద్ధం నీది, తలనొప్పి నాది. నువ్వు దూరంగా బట్టల బండి దగ్గర ఉన్నావు కాబట్టి నీకు సగమే వినబడి ఉంటుంది. జరిగింది రాస్తున్నాను.

ఆవిడ పక్కన వెళ్లి నిలబడ్డాను. తడి దుప్పటి అంచులు రెండూ పట్టుకుని యంత్రం నోట్లోకి సరిగ్గా పెడుతోంది. చేయి కాస్త వంకరపోతే వేళ్లు లోపలికి పోతాయి, కాబట్టి నా వైపు తిరగడానికి లేదు. వేడి మొహానికి కొడుతోంది. "నన్ను క్షమించమ్మా" అన్నాను, నేను మామూలుగా మాట్లాడే గొంతుతో. నా పెదవులు కదిలినట్టే ఉంది గానీ మాట రొదలో కలిసిపోయింది. ఇంకొంచెం పెంచి అన్నాను. "ఆఁ?" అంది, దుప్పటి మీంచి చూపు తీయకుండా. చివరికి గొంతు చించుకుని అరిచాను. సరిగ్గా అప్పుడే ఆ చివరనున్న యంత్రం ఏదో ఆగింది. నా కేక హాలంతా వినబడింది. నువ్వు తలెత్తి చూసింది అప్పుడే. అందరూ తలలెత్తారు. ఎవరూ నవ్వలేదు. నేను నవ్వించలేదు కూడా.

ఆవిడ దుప్పటి పూర్తిగా లోపలికి పోనిచ్చి, అప్పుడు నావైపు తిరిగింది. "వినబడిందండీ. ఇక అరవకండి, అలవాటు లేకపోతే గొంతు పోతుంది" అంది. అంతే. ఇంకో దుప్పటి అందుకుంది.

పరీక్షకు నేను చెప్పించనా, ఫోనులో కాదు, ఎదురుగా, రేపంతా ఇక్కడే ఉంటాను అన్నాను. "రేపు అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లాలి" అంది. నిజమో కాదో నేను అడగలేదు. నిజమని నువ్వూ నాకు చెప్పకు.

మీ వదిన

*

స్టోరు గది,
గురువారం

వదినగారికి నమస్కారాలు.

నిన్న పరీక్ష అయింది. తలుపు బయట నేను కాపలా ఉన్నాను కాబట్టి చూసింది రాస్తున్నాను.

అక్కాచెల్లెళ్లిద్దరూ నెగ్గారు. చెల్లెలు అక్క లేకుండానే పలికింది, మీ అనుమానం తీసేయండి. తర్వాత దుప్పట్లమ్మాయి వెళ్లింది. తలుపుకు అద్దం ఉంది, లోపలి మాట కూడా వినబడుతుంది. ఫోను మొదటి ప్రశ్న అడిగింది. పేరు చెప్పమని, రోజూ ఏం పని చేస్తారో చెప్పమని. ఆవిడ ఫోను వంక చూస్తూ కూర్చుంది. నోరు తెరవలేదు. అది ఆగింది, ఆగి, రెండో ప్రశ్నకు పోయింది. దానికీ అంతే. కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది. నేను తలుపు తోయబోయి ఆగిపోయాను, వెళ్తే ఆమె పేరే కొట్టేస్తారు.

మూడోదానికి మాట్లాడింది వదినా. అక్కణ్నుంచి చివరిదాకా ఒక్కటీ వదల్లేదు. గొంతు కూడా మామూలుగా ఉంది. గది నిశ్శబ్దంగా ఉంది కదా, అరవాల్సిన అవసరమే లేదు. అతిథి సామాను పోయిందని ఫిర్యాదు చేస్తే ఏం చెబుతారు అన్నదానికి ఆవిడ చెప్పిన జవాబు నేనైతే తెలుగులో కూడా చెప్పలేను.

కొద్ది మార్కుల్లో తప్పింది. ఆ రెండింటికీ సున్నా పడింది. చెప్పినవాటికి పడ్డ మార్కులు చూస్తే అందరికన్నా ఆవిడవే ఎక్కువ. మేనేజరు దగ్గరికి వెళ్లాను. మళ్లీ ఒకసారి పెట్టమన్నాను. ఆ రికార్డింగు పంపింది నేనేనని, తప్పు నాదేనని కూడా చెప్పాను. "అది సరదా కదా మేడమ్, దానికీ దీనికీ ఏమిటి సంబంధం? మార్కులు మెషీను వేసింది" అన్నాడు. ఆయన్ని అనడానికి నాకు మొహం లేదు. ఆ సరదా ఆయన చేతిలో పెట్టింది నేను.

నెలాఖరున లాండ్రీ మూత. ఆవిడ మీతో మాట్లాడాలని మీ నంబరు రాయించుకుంది. ఎందుకో చెప్పలేదు.

మీ మరదలు

*

మేడమీద పడమటి గది,
శనివారం

మరదలికి,

ఆ రెండు ప్రశ్నలకూ జవాబు రాకపోవడం ఆవిడ తప్పు కాదు. ఆ సున్నాలు రెండూ నావి. నీ వంతు నువ్వు మేనేజరు ముందు ఒప్పుకున్నావు. నా వంతు ఎవరి ముందు ఒప్పుకోవాలో తెలియక రెండు రోజులుగా మీ అన్నయ్య ముందు ఒప్పుకుంటున్నాను. ఆయన వింటున్నారు, పాపం.

నిన్న మధ్యాహ్నం ఆవిడ ఫోను చేసింది. రికార్డింగు కాదు, మామూలు ఫోనే. తల్లిని పడుకోబెట్టి చేస్తున్నానంది. ఇంట్లో ఆవిడ గొంతు ఎంత మెత్తగా ఉంటుందో నేను మొదటిసారి విన్నాను.

ఊరి అవతల ఇంకో హోటలు ఉందట, ఆరు నెలల్లో అక్కడా ఇలాంటి పరీక్షే పెడతారట. అప్పటిదాకా ఇళ్లలో బట్టలు ఇస్త్రీ చేస్తానంది. "ఇంగ్లీషు వదలనండీ" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎక్కడ మొదలుపెడదామా అని నోట్లో మాట ఉండగానే, "మీకు తెలిసిన టీచరు ఇంకెవరైనా ఉంటే చెబుతారా" అంది.

తనే మళ్లీ అంది: "మీ పాఠం బావుంటుందండీ. మీరు ఇంకొకరికి చెబుతుంటే పక్కన కూర్చుని వినాలనిపిస్తుంది. నాకు మాత్రం వద్దు." కోపం లేదు ఆ గొంతులో. కొలతకు సరిపోని చొక్కా తిరిగి ఇచ్చేస్తున్నంత మర్యాదగా చెప్పింది.

నా బడిలో నాతోపాటు ఇంగ్లీషు చెప్పే టీచరు ఒకావిడ ఉండేది, నీకు ఎప్పుడో చెప్పాను. ఆవిడ క్లాసు పక్కనుంచి పోతే ఒక్క నవ్వు వినబడేది కాదు. పిల్లలు వరసగా లేచి, చెప్పి, కూర్చునేవారు. తప్పు చెప్పినా ఆవిడ ఊఁ అని మళ్లీ చెప్పించేది. అంతకన్నా ఏమీ అనేది కాదు. ఆవిడ క్లాసుకు నేను నిద్రమాత్ర అని పేరు పెట్టాను. స్టాఫ్ రూములో అందరూ అదే అనేవారు, ఆవిడ ఎదురుగానే. ఇప్పుడు గుర్తు చేసుకుంటే, ఆ క్లాసులో నోరు తెరవని పిల్ల ఒక్కర్తె కూడా ఉండేది కాదు. నా క్లాసులో వెనక బెంచీ మొత్తం ఏడాది పొడుగునా నవ్వుతూ ఉండేది గానీ, వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడగా నేను విన్న గుర్తు లేదు.

ఆ టీచరు నంబరు ఇచ్చాను. నా పేరు చెప్పమన్నాను. తర్వాత ఆలోచించి, నా పేరు చెప్పకపోతేనే మంచిదన్నాను.

"సరేనండీ, ఉంటాను మరి" అంది దుప్పట్లమ్మాయి. మీ అన్నయ్య గుమ్మంలో నిలబడి నావైపే చూస్తున్నారు. ఏదో ఒకటి అనకుండా ఫోను పెట్టనని ఆయనకు తెలుసు. నాలుక చివర ఒకటి సిద్ధంగానే ఉంది, బాగుంది కూడా.

"మంచిదమ్మా" అన్నాను. ఫోను ఆవిడే పెట్టేసేదాకా ఊరుకున్నాను.

మీ వదిన